నీళ్లు కదల్చేవాడు

2024 నవంబరు పదహారు, శనివారం. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో పలావు, వేటమాంసం కూర, వంకాయ రొయ్యలు, గోంగూర పచ్చడి తిన్నాం. మసాలా పడనివాళ్ల కోసం తెల్లన్నం, పప్పుచారు విడిగా వండించాను. నా భార్య ఎస్తేరు ప్రభువు సన్నిధికి వెళ్లి ఆ రోజుకు ఏడాది. ఇంటి ముందు షామియానా వేయించి, జ్ఞాపకార్థ కూడిక పెట్టి, ఊళ్లోవాళ్లకూ బంధువులకూ భోజనాలు పెట్టాను.

బంధువుల్లో సగం మంది రాలేదు. "అల్పపీడనం అంటున్నారు బాబాయ్, ఏమీ అనుకోకు" అని బందరు నుంచి, గుడివాడ నుంచి ఫోన్లు వచ్చాయి. వాన రాలేదు. మబ్బు మాత్రం కదలకుండా మా దివిసీమ మీద కూర్చుండిపోయింది. మిగిలిన కూరలు, పలావు ఇరుగుపొరుగులకు పంచేశాం. తెల్లన్నాన్ని అడిగేవాళ్లు లేక గుండిగలో సగానికి పైగా ఉండిపోయింది.

నాకూ ఎస్తేరుకూ ఒక్కతే కూతురు, గ్రేస్. అప్పటికి పదహారేళ్లు. జూన్‌లో గుడివాడలో ఇంటర్లో చేర్చి హాస్టల్లో పెట్టాను. నేను బందరులో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. పొద్దున బస్సెక్కితే రాత్రికి ఇంటికి వస్తాను. మా అత్తగారు సౌభాగ్యమ్మగారు మాతోనే ఉంటారు. తల్లి పోయిన దగ్గర్నుంచి గ్రేస్ ఏడవలేదు. నవ్వనూ లేదు. సెలవుకి ఇంటికి వస్తే సంచి గుమ్మంలో పెట్టేసి పెరట్లోకి వెళ్లి చెరువు రేవు మీద కూర్చునేది. పిలిస్తే వచ్చేది, పెడితే తినేది. మళ్లీ వెళ్లి అక్కడే కూర్చునేది.

చెరువు అన్నానుగానీ అది పెద్ద గుంట. మర్యాదకి చెరువు అంటాం. ఎస్తేరు అందులో చేపల్ని పెంచుకునేది. కూరకి కాదు, ఊరికే. వాటిలో ముఖ్యమైనవాడు మోషే.

మోషే ఒక బొచ్చె చేప. గ్రేస్ మూడో తరగతిలో ఉండగా, ఎండాకాలం కాలవ కట్టేసినప్పుడు, అడుగున మిగిలిన బురదలో కొట్టుకుంటూ ఎస్తేరుకి దొరికాడు. అప్పటికి అరచేయంత. ఒక కన్ను కొంగ పొడిచేసింది. చీర కొంగులో వేసుకుని పరుగెత్తుకొచ్చి చెరువులో వదిలి, "వీడి పేరు మోషే" అంది.

"బైబిల్లో మోషేని నీళ్లలోంచి తీశారు. వీణ్ని బురదలోంచి తీశావు" అన్నాను నేను.

"ఆయన మాత్రం? జమ్ములోనేగా దొరికాడు" అంది.

రోజూ రాత్రి భోజనాలయ్యాక గుప్పెడు అన్నం పట్టుకుని పెరట్లోకి వెళ్లేది. రేవు మెట్టు మీద గరిటెతో తట్టేది. టక్ టక్, కాస్త ఆగి, టక్. శీలావతి చేపలు ముందుగా వచ్చేవి. మోషే అందరికంటే వెనక, ఒంటికన్నుతో దారి వెతుక్కుంటూ, చుట్టూ తిరిగి వచ్చేవాడు. వాడొచ్చేదాకా ఆవిడ గుప్పిట్లో ఆఖరి మెతుకులు ఉండేవి. తర్వాత లోపలికి వచ్చి పెరటి తలుపు వేసేది. దాని పై మడతబందు తుప్పు పట్టి, వేసినప్పుడల్లా కీచుమని అరుస్తుంది. ఎస్తేరు మాత్రం తలుపుని రెండు చేతులతో కొంచెం పైకెత్తి, చప్పుడు లేకుండా వేసేది. "చేపలు పడుకున్నాయండీ" అనేది. చేపలకి వినపడుతుందా అని నేనెప్పుడూ అడగలేదు. అడిగి ఉంటే వినపడుతుందనే చెప్పేది.

ఆవిడ పోయాక అన్నం నేనే వేస్తున్నాను. తలుపూ నేనే వేస్తున్నాను. ఎన్నిసార్లు ఎత్తి చూసినా అది నా చేతిలో అరవకుండా మూసుకోలేదు. ఆ అరుపు విన్నాక నాకు తెల్లవారుజాము దాకా నిద్ర పట్టేది కాదు.

ఆ శనివారం సాయంత్రం పాస్టరు జ్ఞానయ్యగారిని సాగనంపడానికి రోడ్డు దాకా వెళ్లాను. తిరిగి వస్తుంటే పెరట్లోంచి చప్పుడు వినిపించింది. టక్ టక్, టక్. గ్రేస్ గరిటె పట్టుకుంది. తల్లి పోయాక అదే మొదటిసారి. నా పిల్ల తిరిగి మనుషుల్లో పడుతోందనుకుని, గుమ్మంలోనే నిలబడి దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాను. ఆమె చేతిలో గుప్పెడన్నం కాదు, గుండిగ ఉందని నాకు తెలియదు.

"అన్నం అంతా ఏమైందే?" అని రాత్రి వాళ్ల అమ్మమ్మ అడిగారు.

"చేపలకి పెట్టేశాను. అమ్మ పేరు మీద వండింది కదా, వాటికీ భోజనం పెట్టాలిగా" అంది గ్రేస్. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం చూసి మేమిద్దరం ఇంకేమీ అనలేకపోయాం.

తెల్లవారి ఆమే నన్ను లేపింది.

"నాన్నా, లే. చేపలన్నీ పైకొచ్చేశాయి. నోళ్లు తెరుస్తున్నాయి. తట్టకుండానే వచ్చేశాయి నాన్నా."

చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లాను. గాలి లేదు. కొబ్బరాకు కూడా ఊగడం లేదు. మబ్బు కింద చెరువు సీసం పోత పోసినట్టుంది. పులిసిన వాసన వస్తోంది. నీళ్ల మీద ఎటు చూసినా గుండ్రటి నోళ్లు, తెరుచుకుంటూ మూసుకుంటూ. చేపల చెరువులున్న జిల్లాలో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. అన్నం అడుగున కుళ్లి, నీళ్లలో ఉన్న కాస్త గాలినీ తినేసింది. ఎండ లేదు, గాలి లేదు. అవి ఊపిరాడక తేలాయి.

గ్రేస్ నా ముఖంలోకి చూసింది. "నేను వేసిన అన్నమేనా?"

అబద్ధం చెప్పాలనిపించింది.

"చెప్పు నాన్నా. నేనేనా?"

"నీళ్లు కదపాలమ్మా. ముందు నీళ్లు కదుపుదాం. బక్కెట్టు పట్రా."

డీజిల్ ఇంజన్ ఉన్నాయనకి ఫోన్ చేశాను. అది పొలం దగ్గర ఉంది, మధ్యాహ్నానికిగానీ రాదన్నాడు. తూము తెరిచాను. మాది శివారు కాలవ. తూములోంచి రెండు కప్పలు వచ్చాయి, నీళ్లు రాలేదు. ఇక ఇద్దరం నడుము లోతు దాకా దిగి, బక్కెట్లతో ముంచి ఎత్తి పోస్తూ, చేతులతో బాదుతూ తిరిగాం. మేం బాదినచోట రెండు చేపలు తేరుకునేవి. వెనక్కి తిరిగేసరికి అవే మళ్లీ తేలేవి. అప్పటికే ఒడ్డున రెండు శీలావతులు తెల్లటి పొట్టలతో పడి ఉన్నాయి.

"మోషే ఎక్కడ?" అంటోంది గ్రేస్. "మోషే కనపడట్లేదు నాన్నా."

అప్పుడే కొండమ్మ వచ్చింది. సముద్రం ఒడ్డు ఊరి నుంచి ప్రతి ఆదివారం చేపల గంప తెచ్చి మా ఊళ్లో అమ్ముకుంటుంది. ఎస్తేరుకి స్నేహితురాలు.

"ఏంటి బాబుగారూ, చర్చికి పోకుండా తండ్రీకూతుళ్లు చెరువులో ఈతలేస్తన్నారు?" అంటూ వచ్చి, నీళ్లకేసి చూసి ఆగిపోయింది. "అయ్యో తల్లీ."

గంప గట్టు మీద దించి, చీర ఎగ్గట్టి దిగింది.

"ఆదివారం బేరం పోతుంది కొండమ్మా" అన్నాను.

"పోనీండి. ఎస్తేరమ్మ ఎన్ని ఆదివారాలు నాకు చల్లటి నీళ్లిచ్చి కూచోబెట్టింది! ఈ చేపల్ని నాకమ్మమని ఎన్నిసార్లడిగానో. 'వీళ్లు చుట్టాలు కొండమ్మా' అనేది. సుట్టాలంట." తిడుతున్నట్టే అంటూ గబగబా నీళ్లు చిమ్ముతోంది.

చర్చి మొదటి గంట కొట్టారు. మా అత్తగారు తెల్లచీర కట్టుకుని, బైబిలు సంచితో గట్టు మీదికి వచ్చారు. చూశారు. "నేను వెళ్లి ప్రార్థన చేయిస్తాను" అన్నారు.

"చేపలకా అమ్మమ్మా?" అంది గ్రేస్. అందులో వెటకారం ఉంది, ఆశ కూడా ఉంది.

"చేప మింగేసిన యోనా కోసం ఆ చేపతోనే మాట్లాడాడే దేవుడు. ఈపాటి తెలీదా?" అని ఆవిడ గబగబా వెళ్లిపోయారు.

ఆవిడ వెళ్లాక మోషే దొరికాడు. రేవు మెట్టు పక్కన పక్కకి ఒరిగి, పోయిన కన్ను పైకి పెట్టి తేలుతున్నాడు. గ్రేస్ వాడి కింద రెండు చేతులూ పెట్టి పట్టుకుంది. మొప్పలు ఎప్పుడో ఒకసారి కదులుతున్నాయి.

"అమ్మని ఎరిగినవాడు వీడొక్కడే మిగిలాడు" అంది. "అందరూ నిన్న వచ్చి అమ్మ గురించి మాట్లాడారు. వంట బాగా చేసేది, పాటలు బాగా పాడేది. వీడు ఏమీ మాట్లాడడు కదా, అందుకే నాకు వీడి దగ్గర బాగుంటుంది. వీణ్ని కూడా నేనే చంపేస్తున్నాను."

నేను బక్కెట్టు వదిలేసి ఆమె భుజం మీద చెయ్యి వేశాను. విదిలించుకుంది. తల పైకెత్తి, మబ్బుకేసి చూస్తూ, పక్కింటివాళ్లతో తగువాడుతున్నట్టు గట్టిగా అంది:

"ఏయ్, వింటున్నావా? అమ్మని పంపమని అడగట్లేదు. అది అడగడం మానేశాను. ఎవరినైనా ఒకళ్లని పంపు. చేతనైన వాళ్లని. అంతే. ఆమేన్."

కొండమ్మ నాకేసి చూసింది. నేను నీళ్లకేసి చూశాను.

కాలవ గట్టు మీది నుంచి ఒకాయన నడిచి వస్తున్నాడు. పొడుగ్గా ఉన్నాడు. మోకాళ్ల పైకి మడిచిన పంచె, భుజాన తువాలు. కోతలకి వచ్చిన కూలీ అనుకున్నాను. దగ్గరికొచ్చాక చూస్తే మోకాళ్ల దాకా తడిసి ఉన్నాడు, కాళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన నడిచి వచ్చిన గట్టు మాత్రం పొడి దుమ్ము. ఆ దుమ్ము కాళ్లకి అంటలేదు.

రేవు దగ్గర ఆగి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా, ఈ నీళ్లు కదల్చుటకు సెలవిచ్చెదరా?"

గ్రేస్ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. "ఏంటండీ ఆ మాట్లాడడం? బైబిలు చదువుతున్నట్టు!"

"మీ భాష మీ గ్రంథములోనే నేర్చుకొంటిని" అన్నాడాయన, కొంచెం సిగ్గుపడుతూ. "అందులో మమ్మును ఈలాగుననే మాట్లాడించిరి. వేరొక రీతిగా మాట్లాడుట ఇంకను అలవాటు కాలేదు."

"ఏ ఊరు బాబూ మీది?" అంది కొండమ్మ.

"యెరూషలేము. గొఱ్ఱెల ద్వారము దగ్గర."

"అదెక్కడ? నాగాయలంక అవతలా?"

"ఇంకను కొంచెము అవతల" అన్నాడు మర్యాదగా.

నాకు గుర్తొచ్చింది. యెరూషలేములో గొర్రెల ద్వారం దగ్గర ఒక కోనేరు. ఐదు మంటపాలు. దేవదూత దిగి ఆ నీళ్లు కదిపితే, ముందుగా దిగినవాడి రోగం పోయేది. సండే స్కూల్లో చదువుకున్న కథ. తల ఊపాను.

ఆయన నీళ్లలోకి దిగాడు. మేం దిగితే చెరువంతా అలలు లేచాయి. ఆయన దిగితే నీళ్లు పక్కకి జరిగి చోటిచ్చినట్టయింది. నడుము లోతు దాకా వెళ్లి, జ్వరం వచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు అరచేయి నీళ్ల మీద పెట్టాడు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత పాలు కాచేటప్పుడు మీగడ కట్టకుండా తిప్పినట్టు, మెల్లగా చెయ్యి తిప్పాడు.

నీళ్లు పైన కదల్లేదు. అడుగు నుంచి కదిలాయి. నా కాళ్ల కింద బురద వెచ్చబడటం తెలిసింది. చెరువు మొత్తం ఒక్కటిగా, నెమ్మదిగా తిరగడం మొదలుపెట్టింది. అడుగున పాచిపోయిన అన్నమంతా పైకి లేచి, కడుగు నీళ్లలా తెల్లగా అంచులకి చేరింది.

"అన్నము మీరు తీయవలెను" అన్నాడు. "అది నా పని కాదు."

కొండమ్మ ఒక్క పరుగున వెళ్లి గంపలో ఉన్న తన చేపల్ని గోనె మీద బోర్లించి, ఆ గంపతోనే అన్నం ఎత్తి గట్టున పోసింది. నేను బక్కెట్టుతో ఎత్తాను. గ్రేస్ మోషేని వదల్లేక ఒంటి చేత్తో గుప్పెళ్లతో తీసి మెట్టు మీద వేసింది. ఎంత తీసినా తెల్లగా వస్తూనే ఉంది. చేతులు పడిపోయాయి. చివరికి నీళ్లు కొంచెం కొంచెంగా పచ్చబడ్డాయి. పులిసిన వాసన పోయింది. రోహిణి ఎండల తర్వాత తొలివాన పడ్డప్పుడు నేల నుంచి వచ్చే వాసన, ఆ కార్తీక మాసంలో, చుక్క వాన పడకుండా మా చెరువులోంచి వచ్చింది.

ఒక్కొక్క నోరే మూసుకుంది. ఒక్కొక్క చేపే లోపలికి దిగింది. నీళ్ల మీద ఇంకేమీ మిగల్లేదు, గ్రేస్ చేతుల్లో మోషే తప్ప. వాడు కదల్లేదు.

"వీడికి ఆలస్యమైపోయిందా?" అంది. ఆ గొంతు నేను వినలేకపోయాను.

ఆయన నీళ్లలో నడుస్తూ రేవు దగ్గరికి వచ్చాడు. మోషేకేసి చూశాడు. వేలి కణుపుతో రేవు మెట్టు మీద తట్టాడు.

టక్ టక్. ఆగాడు. టక్.

మోషే తోక ఊగింది. మొప్పలు తెరుచుకున్నాయి. వాడు గ్రేస్ చేతుల్లోనే ఒకసారి సరిగ్గా తిరిగి, ఆమె ముఖాన నీళ్లు కొట్టి లోపలికి వెళ్లిపోయాడు.

గ్రేస్ ముఖం తుడుచుకోలేదు. "ఆ చప్పుడు మీకెవరు చెప్పారు?"

"దారి తప్పకుండునట్లు ఈ గురుతు చెప్పి పంపిరి. ఈ చప్పుడు ఎరిగిన చేపలు ఏ చెరువులో ఉండునో, అక్కడికి వెళ్లుమనిరి."

"ఎవరు? ఎవరు చెప్పారు?" ఆమె ఆయన తువాలు అంచు పట్టుకుంది. "మా అమ్మని చూశారా మీరు? బాగుందా?"

ఆయన ఆ తువాలు విడిపించుకోలేదు. "అమ్మా, నేను నీళ్ల దగ్గర పనివాడను. ఇంటి లోపలి సంగతులు నాకంతగా తెలియవు. అయితే వచ్చునప్పుడు ఆ ఇంటి గుమ్మము ఎదుటనుండియే రావలెను గదా. లోపల ఎవరో పాడుచుండిరి. పాట నడుమ ఆగి, 'గుప్పెడే వేయమని చెప్పండి' అనిరి. నవ్వుచు అనిరి."

అప్పుడు ఏడ్చింది నా కూతురు. ఏడాదిగా దాచుకున్నదంతా, నీళ్లలో నిలబడి, ముక్కు కారుతూ, చిన్నప్పుడు పడి మోకాలు కొట్టుకుపోయినప్పుడు ఏడ్చినట్టు. నేను పట్టుకుంటే ఈసారి విదిలించుకోలేదు. కొండమ్మ గట్టు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆయన అదంతా అయ్యేదాకా తొందరపడకుండా నిలబడ్డాడు. తర్వాత తువాలు పిండుకున్నాడు.

"భోజనం చేసి వెళ్లండి. కనీసం టీ అయినా" అన్నాను నేను.

"మరొకసారి. గూడూరులో ఒక నుయ్యి ఉన్నది. అటు తరువాత పామఱ్ఱులో ఒక వృద్ధుడు."

"ఆయన కూడా చెరువులో ఉన్నాడా?" అంది గ్రేస్ ముక్కు చీదుకుంటూ.

"లేదు. బల్ల మీద కూర్చుండియున్నాడు. చాల కాలమునుండి నిలువ నీటివలె కదలకయున్నాడు." ఆయన గట్టెక్కాడు. "ఆ కోనేటి దగ్గర ప్రభువు వచ్చి, నీళ్లు కదలకుండనే, ఒక్క మాటతో ఒక రోగిని లేపినప్పుడు, ఇక నాతో పనియేమి అనుకొంటిని."

"ఉద్యోగం పోయిందా?"

"పోలేదు. బదిలీ అయినది."

గ్రేస్ నవ్వబోయి, ఏదో గుర్తొచ్చినట్టు గట్టు మీదికి పరుగెత్తింది. "ఆగండాగండి! నీళ్లు కదిపాక ముందుగా దిగినవాళ్లకి బాగవుతుంది కదా! మా నాన్నకి రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు. నాకు తెలీదనుకుంటున్నాడు. నాన్న దిగొచ్చా?"

ఆమెకి తెలుసని నాకు నిజంగా తెలియదు.

"నీళ్లు కదిలినప్పుడు అందులో మొదట ఉన్నవాడెవడో చూడుము" అన్నాడాయన. "ఆ మేలు వాడు పుచ్చుకొనియున్నాడు. మీ తండ్రి సంగతి నీ చేతిలోనే ఉన్నది." అలా అని కాలవ గట్టు పట్టుకుని నడిచి వెళ్లిపోయాడు. తుమ్మచెట్ల మలుపు దాకా కనపడ్డాడు. దుమ్ము మీద ఒక్క చుక్క తడి లేదు.

చాలాసేపటికి కొండమ్మ లేచి, గోనె మీది చేపల్ని తిరిగి గంపలో సర్దుకుంది. చచ్చిపోయిన రెండు శీలావతుల్ని చూపించి, "ఇవి పారేస్తారా?" అంది.

"అవి చుట్టాలు కొండమ్మత్తా" అంది గ్రేస్.

"అయితే పాతిపెట్టు. నేను కూడా గుప్పెడు మట్టి వేస్తాను" అంది. వేసింది కూడా. తర్వాత గంప నెత్తికెత్తుకుని, "మీ ఏసుబాబు దగ్గర పనిచేసేవాళ్లు మాటకారులే" అంటూ ఆదివారం బేరానికి వెళ్లింది.

మేం చర్చికి వెళ్లేసరికి చివర్న కానుకలు పట్టేటప్పటి పాట పాడుతున్నారు. తడి తలలతో, చెరువు వాసనతో వెళ్లి వెనక చాప మీద కూర్చున్నాం. ముందున్న ఆడవాళ్లు ముక్కు మూసుకుని జరిగారు. మా అత్తగారు మాత్రం లేచి వెనక్కి వచ్చి, తన తెల్లచీర చెంగుతో మనవరాలి తల తుడుస్తూ కూర్చున్నారు. ఏమైందని అడగలేదు. గ్రేస్ కళ్లు చూస్తే తెలిసిపోయినట్టుంది.

సాయంత్రం మబ్బు విడిపోయింది. గ్రేస్ మర్నాడు పొద్దున్నే గుడివాడ బస్సు ఎక్కాలి. బట్టలు సర్దుకుని, రాత్రి అన్నాలు తిన్నాక, గుప్పెడన్నం తీసుకుని పెరట్లోకి వెళ్లింది. నేను గుమ్మంలో లైటు వేసి నిలబడ్డాను.

టక్ టక్. టక్.

శీలావతులు వచ్చాయి. గ్రేస్ గుప్పిట్లో ఆఖరి మెతుకులు దాచి ఎదురుచూసింది. ఎప్పుడూ చుట్టూ తిరిగి ఆఖర్న వచ్చే మోషే, చెరువుకి అడ్డంగా, గీత గీసినట్టు, తిన్నగా వచ్చేశాడు.

"నాన్నా! ఇటు రా! త్వరగా!"

వెళ్లి వంగి చూశాను. వాడు మెతుకులు మింగి, ఒక పక్కకి తిరిగి లైటుకేసి చూశాడు. రెండో పక్కకి తిరిగి చూశాడు. రెండు పక్కలా కన్ను ఉంది. గుండ్రంగా, నల్లగా, కొత్త పైసాలా మెరుస్తూ.

"ఆ మేలు వీడు కొట్టేశాడా!" అంది గ్రేస్. "రెండు వేల ఏళ్ల తర్వాత ఒక్క ఛాన్సు వస్తే, చేప కొట్టేసింది నాన్నా!" అని రేవు మీద వెనక్కి పడి నవ్వింది. ఆ నవ్వు విని వాళ్ల అమ్మమ్మ కూడా బయటికి వచ్చారు. కన్ను చూపించాం. ఆవిడ చాలాసేపు చూసి, "కొండమ్మ ఏదో చేపని మార్చేసి ఉంటుంది" అన్నారు. అంటూనే చేతులు జోడించారు.

లోపలికి వచ్చి పడుకున్నాను. అలవాటుగా ఆ కీచుమనే అరుపు కోసం చెవులు బిగపట్టుకుని ఉన్నాను. తలుపు నేను వేయలేదని గుర్తొచ్చింది. లేవబోతే వంటింటి వెలుగులో గ్రేస్ కనిపించింది. చెరువుకేసి ఒకసారి చూసింది. రెండు చేతులతో పట్టుకుని, తలుపుని కొంచెం పైకెత్తి, చప్పుడు కాకుండా వేసింది.